డిజైనరంటే బట్టలు కుట్టేవాడేనా?

‘మా అమ్మాయి డిజైన్ చదువుతానంటోంది’ అని ఈస్ట్‌హాంలోనో, రెడింగ్‌లోనో మనవాళ్లు నలుగురు కూర్చున్నచోట అని చూడండి. ‘అంటే... బట్టలు కుడుతుందా?’ అని ఒకరు. ‘అందులో జీతమెంతొస్తుందేంటి?’ అని ఇంకొకరు. అడిగినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మనకు బాగా తెలిసిన దారులు రెండే కదా... ఒకటి డాక్టరు, రెండోది కంప్యూటరు!

కానీ రోజూ డ్యూటీకెళ్తూ మనం చూసే బోర్డులు కూడా ఎవరో కూర్చుని గీసినవే. స్కూలు దగ్గర ఎర్ర త్రికోణంలో ఓ అమ్మాయి చిన్న పిల్లాడి చెయ్యి పట్టుకుని నడుస్తుంటుంది, చూశారా? ఆ బొమ్మ గీసినావిడ మార్గరెట్ కాల్వర్ట్. పుట్టింది దక్షిణాఫ్రికాలో. 1950లో, టీనేజ్‌లో ఉండగా బ్రిటన్ వచ్చింది. చెల్సీ ఆర్ట్ స్కూల్లో చదువుతున్నప్పుడు అక్కడ పాఠాలు చెప్పే జాక్ కినీర్ గాట్విక్ విమానాశ్రయం బోర్డుల పనికి ఆమెను సాయంగా తీసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి దేశం మొత్తానికి రోడ్డు గుర్తులు తయారుచేశారు. 1965 జనవరి 1 నుంచి అవి అమల్లోకొచ్చాయి.

వేరే దేశం నుంచి వచ్చిన ఆ అమ్మాయికి ‘ఇదీ ఒక ఉద్యోగమే’ అని చూపించే మాస్టారు దొరికారు. అందరికీ దొరకరు. అందుకే ఇక్కడి మ్యూజియాలు ఆ పరిచయాన్ని ఆటల్లో, పోటీల్లో పెట్టి పిల్లల ముందుకు తెస్తున్నాయి.

పిట్ట ఎగిరితే బొమ్మ పూర్తి

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2013లో సోఫియా జార్జ్ అనే యువతిని తమ మొదటి రెసిడెంట్ గేమ్ డిజైనర్‌గా తీసుకుంది. మ్యూజియంలో గేమ్ డిజైనర్‌కేం పనంటారా? అక్కడ విలియం మోరిస్ 1883లో గీసిన ‘స్ట్రాబెర్రీ థీఫ్’ అనే బట్ట డిజైను ఉంది. తోటలో స్ట్రాబెర్రీలు కాజేసే పిట్టల బొమ్మ. దాన్నే ఆమె ఐప్యాడ్ ఆటగా మార్చింది. తెరమీద పిట్టను వేలితో ఎగరేస్తూ పోతే దాని వెనకాలే గీతలు, రంగులు ఒక్కొక్కటిగా నిండుతూ మోరిస్ నమూనా మొత్తం కళ్లముందు తయారవుతుంది. 2014లో విడుదలైంది. ఉపన్యాసం లేదు, కరపత్రం లేదు. ఆడిన పిల్లలకు రెండు ఉద్యోగాలు తెలిసొస్తాయి... బట్టమీద నమూనా గీసేవాళ్లది ఒకటి, ఆట తయారుచేసేవాళ్లది ఒకటి.

అన్నట్టు, అదే మ్యూజియంలో మన కోరమండల్ తీరంలో అద్దిన కలంకారీ గుడ్డలు కూడా ఉన్నాయి. ఒకప్పుడు మచిలీపట్నం వైపు నుంచి వచ్చే ఆ అద్దకం బట్టలంటే ఇక్కడి వాళ్లకు ఎంత మోజంటే, ఇంగ్లండు నేతగాళ్లు గగ్గోలుపెట్టి 1700లో ఒకసారి, 1721లో మరోసారి వాటికి అడ్డుకట్ట వేసే చట్టాలు తెప్పించుకున్నారు. పెడనలో చెక్క అచ్చు చెక్కే మనిషిని మనం ఏనాడూ ‘డిజైనర్’ అనలేదు గానీ, ఆయన చేసేది అదే పని.

పది పౌండ్ల పరీక్ష

కెన్సింగ్టన్‌లోని డిజైన్ మ్యూజియం 2010లో ‘డిజైన్ వెంచురా’ అనే పోటీ మొదలుపెట్టింది. 13 నుంచి 16 ఏళ్ల స్కూలు పిల్లలకు ఇది. మ్యూజియం దుకాణంలో అమ్మడానికి ఓ కొత్త వస్తువు ఊహించాలి. ధర పది పౌండ్ల దగ్గర ఉండాలి. గెలిచిన వస్తువును నిజంగానే తయారుచేయించి అమ్ముతారు, లాభం పిల్లలు ఎంచుకున్న సేవాసంస్థకు వెళుతుంది. ఆ ‘పది పౌండ్లు’ అన్న షరతులోనే ఉంది కిటుకంతా. బొమ్మ ఎంత బాగా గీసినా సరిపోదు. ఎవరు కొంటారు, దేంతో చేయాలి, ఎంతలో అవుతుంది... ఇవన్నీ తేలాలి. జీతం సంగతి అడిగే నాన్నలకు కూడా నచ్చే లెక్క ఇది!

డిజైన్ కెరీర్ల గురించి పిల్లలకు యాప్ తయారుచేసే వాళ్లెవరైనా ఈ కిటుకు పట్టుకోవాలి. ‘నువ్వు ఏ రకం డిజైనర్‌వి?’ అంటూ పది ప్రశ్నలు అడిగి ముద్ర వేసే యాప్‌లు వృథా. జాతకం చెప్పించుకున్నట్టే. దానికి బదులు ఓ చిక్కు ఇవ్వండి. గ్లౌజులు వేసుకున్న నర్సు ఒంటిచేత్తో తీయగలిగే మందుసీసా మూత ఎలా ఉండాలి? ఇంగ్లిషు చదవలేని నాన్నమ్మ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది ఎలా వెతుక్కోవాలి? పిల్లాడు కుస్తీపట్టి, తప్పుచేసి, చెరిపి, మళ్లీ చేయాలి. చివర్లో ‘నువ్వు ఇప్పుడు చేసినదాన్ని ప్రోడక్ట్ డిజైన్ అంటారు, ఇది ఫలానాచోట నేర్పుతారు’ అని చెబితే చాలు.

ఫోన్‌లో సరదా పుట్టాక చేతులతో చేసే చోటు కావాలి. దానికి నేషనల్ సాటర్డే క్లబ్ ఉంది. జాన్, ఫ్రాన్సెస్ సోరెల్ దంపతులు 2009లో ప్రారంభించారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు శనివారాల్లో కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఉచితంగా నేర్పుతారు. కూచిపూడి క్లాసు, తెలుగు బడి కూడా అప్పుడే ఉంటాయనుకోండి... ఆ సర్దుబాటు మీదే.

తొమ్మిదో ఏడాదిలోనే...

ఇదంతా తొందరపడి ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఇక్కడ చాలా స్కూళ్లలో జీసీఎస్ఈ సబ్జెక్టులు ఎనిమిదో, తొమ్మిదో ఇయర్లోనే ఎంచుకోవాలి. ఆ ఫారం వచ్చేనాటికి ‘డిజైన్ అండ్ టెక్నాలజీ’ అంటే ఏంటో పిల్లలకూ తెలియదు, మనకూ తెలియదు. డబుల్ షిఫ్టులు చేసి అలసిపోయిన తల్లి సంతకం పెట్టేస్తుంది. అక్కడ వదిలేసిన సబ్జెక్టును తర్వాత పట్టుకోవడం కష్టం.

ఫీజుల సంగతీ చూసుకోవాలి. ఇంగ్లండులో హోం ఫీజు 2025-26కి ఏడాదికి గరిష్ఠంగా 9,535 పౌండ్లు. విదేశీ విద్యార్థులకు ఈ పరిమితి లేదు, చాలా ఎక్కువే కట్టాలి. సాధారణంగా హోం ఫీజు వర్తించాలంటే శాశ్వత నివాస అనుమతి, దాంతోపాటు మూడేళ్ల నివాసం ఉండాలి. వర్క్ వీసా మీదున్న వాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది. ఒకవేళ ఇంటికి తిరిగి వెళ్లాల్సి వచ్చినా దారి మూసుకుపోదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మొదలైంది. హైదరాబాద్ ఐఐటీలోనూ డిజైన్ విభాగం ఉంది.

ఇక్కడ డిజైన్ కోర్సుల్లో చేరాలంటే సాధారణంగా అడిగేది పోర్ట్‌ఫోలియో. అంటే పిల్లలు గీసినవి, చేసినవి అన్నీ. నీటుగా ఉన్నవే కాదు, కొట్టివేతలున్న చిత్తుకాగితాలు కూడా చూస్తారు. ఇల్లు సర్దేటప్పుడు వాటిని చెత్తబుట్టలో పడేయకుండా, తేదీ వేసి ఓ ఫైల్లో పెట్టండి.