స్టిక్కర్ల షాపు పెడతారా? ముందు మిషన్ సంగతి చూడండి

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 1935లో స్టాంటన్ ఏవరీ అనే యువకుడు కాబోయే భార్య దగ్గర 100 డాలర్లు అప్పు తీసుకున్నాడు. వాషింగ్ మిషన్ మోటారు, కుట్టుమిషన్ భాగాలు కలిపి, జిగురు రాయకుండానే అంటుకునే లేబుళ్లు చేసే యంత్రం కట్టాడు. నేటి ఏవరీ డెనిసన్ కంపెనీకి పునాది అదే.

ఇంటికెళ్లి రేడియం షాపు పెట్టాలనుకునే సోదరులూ, మీరూ చిన్నగానే మొదలుపెట్టండి. ముందు కటింగ్ ప్లాటర్ చాలు. దానికి ఇంకు ఖర్చు ఉండదు. రంగుల ప్రింటు బయట వేయించుకోవచ్చు. అయితే నంబర్ ప్లేట్లనే నమ్ముకోవద్దు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు షోరూంలోనే బిగిస్తున్నారు.

ప్రింటర్ కొనేటప్పుడు ఇంకు చూడండి. డై ఇంకు ఎండకు వెలుస్తుంది, తడికి కారుతుంది. పిగ్మెంట్ ఇంకు నయం. బండ్లకు, బోర్డులకు ఎకో సాల్వెంట్ మేలు. కానీ రోజూ పని లేకపోతే ఇంకు ఎండి హెడ్ మూసుకుపోతుంది. హెడ్ ధర, మీ ఊరికి మెకానిక్ వస్తాడా అన్నది ముందే అడగండి.

డబ్బు కట్టేముందు ఒక శాంపిల్ వేయించి, బండికి అంటించి, వారం ఎండలో ఉంచి చూడండి. చెమటోడ్చిన సొమ్ము కదా, తొందర వద్దు.