లా చదివే చెల్లికి ఒక ఆపా కావాలి

తిరుపతి బస్టాండులో దిగే జనంలో ఎక్కువమంది కొండకు పోయేవారే. తిరుమల బస్సు దొరికితే చాలునని పరుగులు తీసే ఆ జనం నడుమ, పొద్దున పూట పుస్తకాల సంచీ భుజాన వేసుకుని సిటీ బస్సు కోసం నిలబడే ఆడపిల్లలను ఎవరూ అంతగా గమనించరు. వారు పోయేది శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి. 1983లో కేవలం స్త్రీల కోసమే స్థాపించిన ఈ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం కూడా చెబుతారు. రాష్ట్రమంతటికీ లా ప్రవేశ పరీక్ష అయిన లాసెట్‌ను 2022లోనూ, 2025లోనూ నిర్వహించింది ఈ విశ్వవిద్యాలయమే. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పీలేరు, కలికిరి వైపుల నుంచి మన బిడ్డలు ఇప్పుడు చదువుకోసం తిరుపతి దాకా వస్తున్నారు. తలకు స్కార్ఫు చుట్టుకుని బస్సెక్కే వారిని చూసినప్పుడల్లా మాకు సంతోషం కలుగుతుంది. ఆ వెంటనే ఒక బీరువా గుర్తుకొస్తుంది.

పీలేరు వైపు మాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటి ఉన్నది. తండ్రిది చిన్న అంగడి. పోయిన బక్రీదుకు వారింటికి వెళ్లాం. దస్తర్‌ఖాన్ గుడ్డ తీయడానికి ఇంటావిడ బీరువా తెరిస్తే, చీరల పక్కన హ్యాంగరుకు వేలాడుతూ నల్లకోటు కనిపించింది. ఇస్త్రీ మడత కూడా నలగలేదు. పెద్దమ్మాయిదట. లా పాసయింది, బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకున్నది. ఆ రోజు ఫొటోకు వేసుకున్న కోటు మళ్లీ బయటికి రాలేదు.

ఎందుకని అడిగాం. "కోర్టు పొద్దుకూకితే మూస్తారు గానీ సీనియర్ల ఆఫీసులు అప్పుడే తెరుస్తారంట భాయ్. రాత్రి తొమ్మిదికి ఎవరు పోయి తోడుకొనొచ్చేది?" అన్నదామె. తండ్రి ఏమీ మాట్లాడలేదు. వంటింట్లో నుంచి అమ్మాయే అన్నది: "ఆడ సీనియర్ ఎవరైనా ఉంటే పంపుతానన్నాడు అబ్బా. మాకెవరూ తెలీదు."

అబ్బా పంపుతానన్నాడు. ఈ మాటను పాఠకులు గమనించాలి. ముస్లిం తండ్రులు ఆడపిల్లల్ని చదవనివ్వరని తేలిగ్గా అనేస్తుంటారు. ఇక్కడ తండ్రి ఫీజు కట్టాడు, హాస్టలుకు పంపాడు, కోటు కుట్టించాడు. ఆగిపోయింది ఆ తర్వాతే.

వకీలు వృత్తి తెలియని వారికి ఒక్కమాట చెప్పాలి. డాక్టరు చదివినవారికి ఆస్పత్రిలో, బీఈడీ చదివినవారికి బడిలో చోటు దొరుకుతుంది. లా చదివినవారికి అలా కాదు. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్లో నమోదు కావాలి. 2010 నుంచి అఖిల భారత బార్ పరీక్ష కూడా రాయాలి. అంతా అయ్యాక అసలు చదువు మొదలవుతుంది. అది ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరి నేర్చుకునే చదువు. పగలంతా కోర్టులో వాయిదాలు చూడటం, సాయంత్రం ఆఫీసులో కేసు కట్టలు విప్పి దావా ఎలా రాయాలో, సాక్షిని ఏమి అడగాలో, ఏమి అడగకూడదో నేర్చుకోవడం. మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది బస్సు చార్జీలకు చాలితే గొప్ప. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే.

మగపిల్లవాడైతే మామ స్నేహితుడో, వీధిలో వకీలు సాబో ఎవరో ఒకరు చేరదీస్తారు. ఆడపిల్లకు ఆ వీధి పరిచయాలు ఉండవు. సీటు ప్రభుత్వం ఇస్తుంది, పాఠం కాలేజీ చెబుతుంది, చేయిపట్టి కోర్టు మెట్లు ఎక్కించేది మాత్రం ముందు నడిచిన స్త్రీయే కావాలి. లోపం ఇక్కడ ఉన్నది.

ఇదేదో కొత్తకాలపు కోరిక అనుకునేవారు మన చరిత్రను ఒకసారి తిరగేయాలి. ఖుర్‌ఆన్‌లో 58వ సూరా పేరే 'ముజాదిలా', అంటే వాదించిన స్త్రీ. భర్త అన్న ఒక్కమాటతో అటు భార్యా కాక, ఇటు స్వతంత్రురాలూ కాక మిగిలిపోయిన హజ్రత్ ఖౌలా (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన గోడు వినిపించింది. ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ వాదించింది. ఆమె మొర విన్న అల్లాహ్ ఆ సూరాలో తీర్పు అవతరింపజేశాడు. ఈ సంగతి మనం ఉపన్యాసాల్లో తరచూ వింటూనే ఉంటాం.

అంతగా వినని పేరు ఇంకొకటి ఉన్నది. అమ్రా బిన్త్ అబ్దుర్రహ్మాన్. హజ్రత్ ఆయిషా (రజి) దగ్గర పెరిగి, ఆమె వద్దే హదీసులూ ధర్మశాస్త్రమూ నేర్చుకున్న మదీనా స్త్రీ. మదీనాలో అధికారంలో ఉన్న అబూబక్ర్ ఇబ్న్ హజ్మ్ ఒకసారి ఇనుప ఉంగరాలు దొంగిలించిన మనిషిని పట్టుకుని చోరీకి విధించే పెద్దశిక్ష వేయబోయాడు. అమ్రా ఈ సంగతి విని మనిషిని పంపి, ఇంత స్వల్పమైన వస్తువుకు ఆ శిక్ష చెల్లదనీ, పావు దీనారు విలువ ఉంటేనే అది వర్తిస్తుందనీ కబురు చేసింది. ఆయన ఆ మనిషిని వదిలిపెట్టాడు. ఇమామ్ మాలిక్ తన 'ముఅత్తా' గ్రంథంలో ఈ ఉదంతాన్ని నమోదు చేశారు. తర్వాత ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ అమ్రాకు తెలిసిన హదీసులను రాసిపెట్టమని ఆదేశించాడు. ఆయిషా (రజి) చేరదీయకపోతే అమ్రా ఎక్కడ? అమ్రా మాట పోకపోతే ఆ ఖైదీ గతి ఏమిటి? ఇల్మ్ ఒక స్త్రీ చేతినుంచి ఇంకొక స్త్రీ చేతికి అంది, చివరకు న్యాయాధికారి ముందుకు వెళ్లింది.

దీనికి దాదాపు పన్నెండు వందల ఏళ్ల తర్వాత అమెరికాలో జరిగినదీ వినదగ్గదే. 1886లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో లా చదువుతున్న కొందరు స్త్రీలు, చదువు ముగించినవారు కలిసి 'ఈక్విటీ క్లబ్' అని ఒకటి పెట్టుకున్నారు. వారు ఉండేది వేర్వేరు ఊళ్లలో, కలుసుకునే వీలు లేదు. అందుచేత ఏడాదికొకసారి ప్రతి ఒక్కరూ ఒక ఉత్తరం రాయాలి, అన్నింటినీ కలిపి అందరికీ తిప్పి పంపాలి. పెళ్లి, వకాల్తు రెండూ ఒకరికే సాధ్యమా, ఆరోగ్యం ఎలా నిలుపుకోవాలి వంటివి అడిగారు. కోర్టులో టోపీ తీయాలా, ఉంచుకోవాలా అన్నది కూడా వారికి పెద్ద ప్రశ్నే. (తలగుడ్డ గురించి తర్జనభర్జన మన పిల్లలకే రాలేదన్నమాట!) నాలుగైదేళ్లకు ఆ ఉత్తరాలు ఆగిపోయాయి. తర్వాత 1908లో షికాగో-కెంట్ న్యాయ కళాశాల విద్యార్థినులు 'కప్పా బీటా పై' అనే సోదరీ సంఘాన్ని ప్రారంభించారు. న్యాయవిద్యార్థినుల సోదరీ సంఘాలలో అదే మొదటిది. మగ విద్యార్థుల సంఘాలు వారిని చేర్చుకునేవి కావు. మీరు రానివ్వకపోతే మేమే ఒకరికొకరం అవుతామన్నారు.

మన దేశంలో అప్పటికి స్త్రీకి వకీలు పట్టాయే లేదు. కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాసింది. తిరిగి వచ్చి, పరదాలో ఉండి మగ వకీళ్ల ఎదుటికి రాలేని స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూసింది. ఆమెను అడ్వకేటుగా అలహాబాదు హైకోర్టు చేర్చుకున్నది 1921లో. స్త్రీలు న్యాయవాదులు కావచ్చని చట్టం వచ్చింది 1923లో. మన తెలుగుగడ్డ నుంచి దుర్గాబాయమ్మ లా పట్టా పుచ్చుకున్నది 1942లో. ఆమె కథలో మాకు నచ్చేది పట్టా కంటే ముందు జరిగిన సంగతి. రాజమండ్రిలో పుట్టి, చిన్నతనంలోనే వివాహమై, బడి చదువు మధ్యలో ఆగిన ఆమె ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ కట్టి గట్టెక్కింది. తాను గట్టెక్కగానే మద్రాసులో ఇతర ఆడపిల్లలను అదే పరీక్షకు తయారుచేయడం మొదలుపెట్టింది. 1937లో ఏర్పడిన ఆంధ్ర మహిళా సభ అలాంటి పనిలోంచి ఎదిగిందే. పెద్ద భవనం కట్టాక మొదలైన సేవ కాదది.

ఇక జస్టిస్ ఫాతిమా బీవి సంగతి. కేరళలోని పత్తనంతిట్టలో 1927లో పుట్టింది. ఆమెకు సైన్సు మీద మనసు. తండ్రి మీరా సాహెబ్ లా చదవమన్నాడు. కారణం, అదే తిరువాన్కూరులో అన్నా చాందీ అనే స్త్రీ వకీలై, 1937లో మున్సిఫ్ కూడా అయింది. ఆయన ఆమెను చూశాడు గనుక తన బిడ్డనూ అక్కడ ఊహించుకోగలిగాడు. 1950లో బార్ కౌన్సిల్ పరీక్షలో ఫాతిమా బీవి ప్రథమురాలిగా బంగారు పతకం అందుకున్నది. కింది కోర్టు మున్సిఫ్‌గా 1958లో మొదలై, 1983లో హైకోర్టుకు, 1989 అక్టోబరు 6న సుప్రీంకోర్టుకు చేరింది. ఆ పీఠమెక్కిన తొలి భారతీయ మహిళ ఒక ముస్లిం అన్నది మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తలమీద చీర చెంగుతోనే ఉండే ఆమె ఫొటో మన ఇళ్లలో ఎన్ని గోడలమీద ఉన్నది? 2023 నవంబరులో ఆమె కన్నుమూశారు.

మనవాళ్లలో కొందరికి ఒక సందేహం ఉన్నది. ఆడపిల్ల లా చదివి కోర్టులచుట్టూ తిరిగితే దీన్ ఏమవుతుంది అని. లెబనాన్‌లో పుట్టి అమెరికాలో లా ప్రొఫెసరయిన డాక్టర్ అజీజా అల్ హిబ్రీ 1993లో 'కరామా' అనే ముస్లిం మహిళా న్యాయవాదుల సంస్థను స్థాపించారు. ఆదం సంతతికి అల్లాహ్ గౌరవం ప్రసాదించాడని చెప్పే ఇస్రా సూరా ఆయతు నుంచే ఆ పేరు. వేసవిలో ముస్లిం యువతులకు ఇస్లామీ ధర్మశాస్త్రం, తగవులు తీర్చే పద్ధతులు, నాయకత్వం కలిపి నేర్పే తరగతులు నడిపింది ఈ సంస్థ. దీన్‌నూ కానూన్‌నూ ఒకే బల్లమీద పెట్టి చదవవచ్చన్నమాట.

అసలు వకీలు కావలసింది ఎవరికి? ఏళ్ల తరబడి భర్త ఆచూకీ లేని చెల్లికి. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం నాలుగేళ్లు భర్త జాడ తెలియకపోయినా, రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా ఆమె కోర్టు ద్వారా విడుదల కోరవచ్చు. మహర్ రాని చెల్లికి. ఇద్దత్ తర్వాత తన బతుకేమిటని అడిగే చెల్లికి. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద పోషణ కోరవచ్చని సుప్రీంకోర్టు 2024 జులై 10న చెప్పిన కేసు మన తెలంగాణ నుంచి వెళ్లినదే. ఈ చెల్లెళ్లు తమ పడకగది సంగతులు మగ వకీలు ముందు, ఆయన గుమాస్తా ముందు చెప్పగలరా? సగం చెప్పి సగం మింగుతారు. ఆ మింగిన సగంలోనే కేసు ఉంటుంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతున్నది. 15100కు ఫోన్ చేస్తే దారి చూపుతారు. అయితే ఫోన్ అవతల మన మాట, మన నికాహ్‌నామా తెలిసిన ఆడగొంతు వినబడితే ఆ ధైర్యమే వేరు.

కోర్టుల పరిస్థితీ చెప్పుకోవాలి. పాత కృష్ణా జిల్లాలోని పొన్నవరం నుంచి దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 సెప్టెంబరులో మహిళా న్యాయవాదుల సభలో కొన్ని లెక్కలు బయటపెట్టారు. దేశంలోని 17 లక్షల మంది న్యాయవాదుల్లో స్త్రీలు 15 శాతమే. రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు ఎన్నికైనవారిలో 2 శాతమే. కింది కోర్టుల్లో దాదాపు 22 శాతం చోట్ల స్త్రీలకు వేరే మరుగుదొడ్డి కూడా లేదని ఆయనే అన్నారు. ఈ చివరి సంగతి చిన్నదనుకునేవారు పగలంతా కోర్టులో నిలబడవలసిన ఆడపిల్లను అడగాలి.

ఏం చేయవచ్చు? మేము పెద్ద సంస్థల గురించి మాట్లాడటం లేదు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె కోర్టుల్లో ప్రాక్టీసు చేసే మహిళా న్యాయవాదుల పేర్లు ఒక కాగితం మీద రాసి మసీదు కమిటీల దగ్గర, మన బడుల దగ్గర ఉంచితే అది మొదటి పని. వారు ముస్లింలే కానక్కర లేదు. అనుభవమున్న ఏ సీనియరమ్మ అయినా, తన ఆఫీసు వేళ మధ్యాహ్నానికి జరుపుకుని ఇద్దరు ఆడపిల్లలను చేర్చుకుంటానంటే సగం ఇళ్ల భయం తీరుతుంది. మూడో ఏడు చదివే అమ్మాయి మొదటి ఏడు అమ్మాయికి తన నోట్సు ఇవ్వాలి, మూట్ కోర్టుకు ముందురోజు ఎదుట కూర్చుని వాదన వినాలి. జూనియర్‌గా ఉన్న తొలి రెండేళ్లూ ఇద్దరు ముగ్గురు పిల్లలకు బస్ పాసు, పుస్తకాల ఖర్చు భరించడం మన ఊళ్లలో సంపన్నులకు పెద్ద భారం కాదు. పెళ్లి మాటలప్పుడు 'అమ్మాయి ప్రాక్టీసు మానదు కదా' అని వరుడి తల్లే అడిగే రోజు రావాలని కూడా రాద్దామనుకున్నాం. అది కొంచెం అత్యాశేమో.

ఈ వ్యాసం రాసేముందు పీలేరు వైపు ఇంటికి ఫోన్ చేశాం. అమ్మాయి బార్ పరీక్షకు దరఖాస్తు పెట్టిందట. తండ్రి అంగడి కట్టేసి, వారానికి మూడు రోజులు సాయంత్రం తానే తీసుకొస్తానన్నాడట. ఎవరి ఆఫీసు నుంచి అన్నది ఇంకా తేలలేదు.