చట్టములోని 'స్త్రీ' శబ్దము

గర్భము ధరించునది స్త్రీయే గదా, ఇందు సందేహమేమి అని మనలో పెక్కురు తలంతురు. 1971లో మన పార్లమెంటు గర్భవిచ్ఛిత్తిని గూర్చి చట్టము చేసినప్పుడు, 'గర్భవతియైన స్త్రీ' అని వ్రాసినవారికిని అట్లే తోచియుండును. 1972 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన ఆ చట్టము, చాటుమాటుగా జరుగు ప్రమాదకరమైన గర్భస్రావముల నుండి స్త్రీలను కాపాడనెంచినది. కాని ఆ మాటకు వెలుపల నిలిచిన కొలదిమంది గలరు. వారిని గూర్చి నేడు కొంత విన్నవింతుము.

పుట్టినప్పుడు ఆడశిశువని నమోదై, పెరిగిన పిమ్మట తాము పురుషులమని గ్రహించి ఆ విధముగా జీవించువారిని ట్రాన్స్‌జెండర్ పురుషులని అందురు. ట్రాన్స్‌జెండర్ అనగానే మనకు హిజ్రాలే స్ఫురింతురు. వీరు వారికంటె వేరు. 2014 ఏప్రిల్ 15వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తాను పురుషుడో, స్త్రీయో, మూడవ వర్గమునకు చెందినవాడో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదేయని అంగీకరించినది.

వీరందరును శస్త్రచికిత్స చేయించుకొనరు. చేయించుకొననివారికి గర్భాశయము ఉండనే యుండును. కొందరు టెస్టోస్టెరోన్ అను హార్మోనును వాడుదురు. దానివలన కంఠస్వరము మారును, గడ్డము మొలచును, సాధారణముగా ఋతుస్రావము నిలిచిపోవును. ఋతుస్రావము నిలిచినది గనుక గర్భము రాదనుకొనుట పొరపాటు. ఆ మందు గర్భనిరోధకము కాదు. పైగా నెలనెలా ఋతుస్రావము లేనివారికి, నెల తప్పినదను గుర్తు కూడ ఉండదు. అందుచే గర్భము నిలిచిన సంగతి ఆలస్యముగా తెలియవచ్చును.

ఈ ఆలస్యమునకు మన చట్టములో విలువ కలదు. ఏలయన, ఆ చట్టము వారములను లెక్కించును. 2021 నాటి సవరణ ప్రకారము 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. 20 నుండి 24 వారముల వరకు, నిబంధనలలో చెప్పిన కొన్ని వర్గములవారికి మాత్రమే, ఇద్దరు వైద్యుల అభిప్రాయముతో అనుమతి కలదు. ఆపైన పిండమునకు తీవ్రమైన వైకల్యమున్నదని మెడికల్ బోర్డు తేల్చవలయును. లేదా తక్షణము ప్రాణము కాపాడవలసిన అవసరము ఉండవలయును.

ఇప్పుడొక దృశ్యమును ఊహింపుడు. గడ్డము గల యువకుడొకడు ప్రసూతి విభాగము ముందు వరుసలో నిలుచున్నాడు. చీటీ వ్రాయువాడు "మీ ఆవిడ యెక్కడ?" అని అడుగును. వెనుకనున్నవారు తేరిపార చూతురు. ఆ యువకుడు బదులు చెప్పలేక ఇంటికి మరలిపోవును. ఒక వారము గడచును. మరియొక వారము గడచును. చట్టము వలదనకయే తలుపు మూతపడును.

2022 సెప్టెంబరు 29వ తేదీన సుప్రీంకోర్టులో న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్ ప్రభృతులైన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఒక తీర్పు వెలువరించినది. అవివాహితలకును 24 వారముల వరకు గర్భవిచ్ఛిత్తి సదుపాయము వర్తించునని అందు ముఖ్యాంశము. ఆ తీర్పులోనే న్యాయస్థానము, 'స్త్రీ' అను శబ్దము సురక్షితమైన గర్భవిచ్ఛిత్తి అవసరపడు ఇతర లింగభావముల వారికి కూడ వర్తించునని వివరించినది. 2024లో మరియొక తీర్పున 'గర్భము ధరించిన వ్యక్తి' అను మాటను వాడి, ట్రాన్స్‌జెండర్ పురుషులును గర్భము ధరింపవచ్చునని స్పష్టముగా పేర్కొన్నది.

ఇందు ఆక్షేపణ లేకపోలేదు. తరతరములుగా గర్భభారమును, దానితోడి నిందను మోసినది స్త్రీలే గదా, ఇప్పుడు ఆ పేరే తొలగింతురా అని కొందరు స్త్రీలు అడుగుచున్నారు. ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే 2022 తీర్పు ఆ మాటను తొలగింపలేదు. దాని నీడలోనికి మరికొందరిని పిలిచినది. ఒకరు లోనికి వచ్చినంత మాత్రమున మరియొకరు వెలుపలికి పోనక్కరలేదు.

వీరికి స్వరము కావలెననగా గర్భవిచ్ఛిత్తి కోరుటకే అనియు అనుకొనరాదు. 2023 ఫిబ్రవరిలో కేరళలోని కోళిక్కోడ్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ పురుషుడు తన భాగస్వామితో కలిసి బిడ్డను కోరుకొని, కని, అక్కున చేర్చుకొనెను. కనుటయో మానుటయో, నిర్ణయము ఆ శరీరము గలవానిదే కావలయునని వీరి వాదము. గర్భవిచ్ఛిత్తి న్యాయమా కాదా అను పెద్ద తర్కమును ఈ వాదము తీర్చదు. ఆ తర్కము జరుగుచోట వీరికిని ఒక ఆసనము కావలెనని మాత్రమే ఇది కోరుచున్నది.

2022 నాటి కేసులో న్యాయస్థానమును ఆశ్రయించినది ఒక అవివాహిత. ట్రాన్స్‌జెండర్ పురుషుడు కాదు. మరియొకరి వ్యాజ్యములో వీరికి చోటు దొరికినది. ఇకపై చీటీలు, దరఖాస్తులు, వైద్యుల శిక్షణ రూపొందించునప్పుడు వీరినే పిలిచి అడుగుట న్యాయము. వయస్సు వచ్చినవారికి గర్భవిచ్ఛిత్తి విషయమున వారి సమ్మతి యొక్కటే చాలుననియు, వారి వివరములు రహస్యముగా ఉంచవలెననియు చట్టము చెప్పుచున్నది. ఆ మాట ఎరిగిన వైద్యుడును, చీటీ వ్రాయు ఉద్యోగియు వరుసలో నిలిచిన ఆ యువకునికి ఎదురుపడిననాడు, అతడు ఇంటికి మరలిపోనక్కరలేదు.