రెండు తలాంతుల విద్యార్థి

చైనా, రష్యా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల్లో వైద్యవిద్య ముగించుకొచ్చిన మన పిల్లలు ఇక్కడ వైద్యులుగా నమోదు కావాలంటే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష గట్టెక్కాలి. 300 ప్రశ్నలకు 150 మార్కులొస్తే ఉత్తీర్ణులే. తప్పు జవాబుకు కోత లేదు, ర్యాంకుల పోటీ లేదు. అయినా పక్కవాడు ఒక్కసారి చదివి పట్టేసింది తనకు మూడుసార్లు చదివితేగానీ ఎక్కదని సగటు విద్యార్థి కుంగిపోతాడు.

యేసుప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానంలో (మత్తయి 25వ అధ్యాయం) ఐదు తలాంతులు పొందినవాణ్నీ, ఒక్కటి పాతిపెట్టినవాణ్నీ మనం తరచూ తలచుకుంటాం. రెండు పొందినవాణ్ని మరచిపోతాం. మన సగటు విద్యార్థి అతడే! తనకూ ఐదెందుకివ్వలేదని అతడు యజమానుణ్ని నిలదీయలేదు. ఉన్న రెంటితోనే వ్యాపారం చేసి మరి రెండు సంపాదించాడు. ఐదు తలాంతుల దాసుణ్ని మెచ్చుకున్న మాటలతోనే యజమానుడు ఇతణ్నీ మెచ్చుకున్నాడు. మూడోవాణ్ని చెడగొట్టింది భయమే.

పుస్తకం మూసేసి మోకరిస్తే చాలనుకోవడం కూడా తలాంతును పాతిపెట్టడమే. రేపు మన ముందు కూర్చునే రోగి ప్రాణం మనం నేర్చిన మందు మోతాదు మీద ఆధారపడుతుంది. కనుక ప్రార్థించి పుస్తకం తెరుద్దాం. తప్పిన ప్రశ్నల్ని మళ్లీ మళ్లీ చదువుదాం. పక్కవాడి ఐదు తలాంతుల లెక్క దేవుడు మనల్ని అడగడు. మనకిచ్చిన రెంటి లెక్కే అడుగుతాడు.