వేడిని తోడెడు పంపు

హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు బాటపై తూంకుంట, శామీరుపేట ప్రాంతములందు సాగుభూములు తగ్గి, మేడలును వసతిగృహములును పెరిగినవి. భూమి తగ్గిన రైతునకు పాడి యొక యాధారము. అయితే పాలకేంద్రమునకు కరెంటు వ్యయము రెండు విధములుగా గలుగును: పాలను 4 డిగ్రీలకు చల్లార్చుట యొకటి, పాత్రలు, తొట్లు కడుగుటకు నీరు కాచుట రెండవది. ఈ వ్యయము సంఘపు ఖాతాలో వ్రాయబడినను, తుదకు దానిని భరించువాడు పాలుపోయు సభ్యుడే.

రెండవ వ్యయమును తగ్గించు సాధనము హీటు పంపు. మన బావిమోటారు నీటిని సృష్టింపదు. లోతుననున్న నీటిని పైకి దెచ్చును. అట్లే ఈ పంపు బయటి గాలియందలి వేడిని తోడి నీటిలోనికి జేర్చును. బావి లోతైనకొలది మోటారునకు శ్రమ హెచ్చునట్లు, నీరు మిక్కిలి వేడిగా గావలసినకొలది కరెంటు హెచ్చుగా బట్టును. ఇది క్రొత్త విద్య కాదు. ఆస్ట్రియా దేశీయుడగు రిట్టింగరు 1856లో ఉప్పునీటిని ఇగిర్చుటకు ఈ సూత్రమును వాడెను. 1938లో స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున నదీజలమునుండి వేడిని తోడి నగరసభా భవనమును వెచ్చజేసిరి.

లెక్క చూడుడు. 1,000 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచుటకు సాధారణ కరెంటు హీటరు సుమారు 41 యూనిట్లు తీసికొనును. ఒక యూనిటునకు మూడు యూనిట్ల వేడి నిచ్చు హీటు పంపునకు 14 చాలును. దినమునకు 27, నెలకు 810 యూనిట్లు మిగులును. వందలమంది స్నానముచేయు విద్యార్థి వసతిగృహములకును ఈ లెక్కయే వర్తించును.

పాలకేంద్రమునకు మఱియొక లాభము గలదు. పాలను చల్లార్చు యంత్రమును ఒక హీటు పంపే. 1,000 లీటర్ల పాలు 35 డిగ్రీలనుండి 4 డిగ్రీలకు చల్లారునప్పుడు విడుచు వేడి, సుమారు 850 లీటర్ల నీటిని పై విధముగా కాచుటకు సరిపడునంత యుండును. ఆ వేడిని ఫ్యాను గాలిలోనికి విసరివేయుచున్నది. కంప్రెసరునుండి వెడలు వేడి వాయువును ముందుగా నీటితొట్టియందలి గొట్టముగుండ పంపినచో, అంతయు గాకున్నను కొంత భాగము మనకు దక్కును. కావున మొదట ఈ యమరికను జేసికొని, చాలని వేడినీటికి మాత్రమే వేఱుగ హీటు పంపు కొనుట మేలు.

కొనుటకుముందు కొన్ని జాగ్రత్తలు అవసరము. దీని వెల హీటరు వెలకంటె చాల హెచ్చు; దినమునకు కొలది బిందెల నీరే కావలసినచోట పెట్టుబడి త్వరగా తిరిగిరాదు. చలికాలపు తెల్లవాఱుజామున పంపు బలము తగ్గును. కావున మధ్యాహ్నపు వెచ్చనిగాలిలో నడిపి, వేడి పోనియట్లు చుట్టుకట్టిన తొట్టిలో నీటిని నిలువ చేయవలెను. బోరునీరు కఠినమైనచో గొట్టములలో సున్నపు పొర కట్టును. దానిని వేళకు తొలగింపవలెను. ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలకు, ఎన్ని యూనిట్లతో కాచునో అమ్మువానిచే వ్రాయించుకొని, వేఱు మీటరు పెట్టించి, ప్రతినెల లెక్కను పాలకవర్గ సమావేశమున చదివింపవలెను.

పాలధర పెంచుట సంఘమొక్కదాని చేతిలో లేదు. వృథాను తగ్గించుట మాత్రము మన చేతిలోనే యున్నది. సభ్యులు రాబోవు సమావేశమున తమ కేంద్రపు కరెంటు బిల్లును దెప్పించి, నీరు కాచుటకగు వ్యయమెంతయో తప్పక అడుగుదురుగాక.