మొదటి ఫిడేలు

సంగీతము నేర్వదలచిన విద్యార్థికి గురువు దొరకుట కంటె వాద్యము దొరకుట కష్టము. వీణ వెల విని వెనుదిరిగినవారు ఫిడేలు వైపు చూతురు. నాలుగైదు వేల రూపాయలకే పెట్టె, కమానులతో సహా ఫిడేలు నేడు బజారులో లభించుచున్నది. సామాన్య కుటుంబమునకు అదియు చిన్న మొత్తము కాదు. అట్లు కొన్న ఫిడేలు ఆరు నెలలలో అటక యెక్కినచో, పిల్లవానికి సంగీతజ్ఞానము లేదని ఇంటివారు తీర్మానింతురు. పెక్కు సందర్భములలో లోపము చెవిలో లేదు, బిరడాలలో ఉన్నదని మా అభిప్రాయము.

దీనిని కొంత వివరింపవలసియున్నది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) ఈ పాశ్చాత్య వాద్యమును కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచుకొన్నవారిలో ప్రథములు. విజయనగరమున ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893-1964) చేతిలో అది పక్కవాద్యముగానే గాక ప్రధాన వాద్యముగను నిలిచినది. పాశ్చాత్యులు నాలుగు తీగలను స్థిరమైన స్వరములకు బిగింతురు. మనము మంద్ర షడ్జమ పంచమములకు, మధ్య షడ్జమ పంచమములకు బిగించి, గాయకుని శ్రుతిని బట్టి మార్చుచుందుము. కనుక మన బిరడాలు నున్నగా తిరుగవలెను, తిరిగినచోట నిలువవలెను. చౌక ఫిడేలులో లోపము తరచు ఇక్కడనే. బిరడా జారుచున్నచో పాపము విద్యార్థి అపస్వరమునే శ్రద్ధగా సాధన చేయును!

బ్రిడ్జి ఎత్తు ఎక్కువైనచో గమకము పట్టునప్పుడు వ్రేలు నొచ్చును. దానిని చెక్కి సరిచేయుట తెలిసినవానికి కొద్దిపాటి పని. తీగల క్రింది నల్లపలక గట్టి కొయ్యయా, రంగు పూసిన మెత్తని కొయ్యయా చూడవలెను. మెత్తనిదైనచో త్వరలోనే గాడులు పడును. ఫిడేలు లోపల బ్రిడ్జి దాపున ఒక చిన్న నిలువు కర్ర ఉండును. అది జిగురుతో అతికినది కాదు, బిగువు వలననే నిలుచును. ఇటలీవారు దానిని ‘ఆత్మ’ అందురు. అది పడిపోయినచో నాదము సన్నగిల్లును.

ఆ కర్రకై లోపలికి తొంగిచూచినప్పుడు కొన్నిట స్ట్రాడివేరియస్ అను చీటీ కనబడును. ఉప్పొంగరాదు. 1737లో మరణించిన ఆ క్రెమోనా శిల్పి పేరును జర్మనీ కర్మాగారములు లెక్కలేనన్ని ఫిడేళ్లకు అతికించినవి. అయినను పగుళ్లు లేని పాత జర్మను ఫిడేలు తీసికొనదగినదే. ఉత్తర ప్రదేశ్‌లోని రాంపూరు పనివారి ఫిడేళ్లును కలవు. చైనా సరుకు పోటీ వలన అచ్చటి పరిశ్రమ చాల నష్టపోయినది. చేతిపని గనుక ఒకటి వలె మరియొకటి ఉండదు, వాయించి చూచియే కొనవలెను.

కమాను అను మాట మన ఉర్దూ విద్యార్థులకు క్రొత్త కాదు. కంటి యెదుట చాచి చూచినచో వంకర తెలియును. క్రొత్త కమానుకు రోజిన్ రాయనిదే ధ్వని రాదు, అందుకై అంగడివానితో తగవు పడనక్కరలేదు.

చేతనున్న సొమ్మంతయు ఫిడేలుకే వెచ్చింపక, మూడవవంతు మరమ్మతుకు, మంచి తీగలకు మిగుల్చుకొనుట మేలు. కొనునాడు వాయించుట తెలిసినవారిని వెంట తీసికొనిపోవలెను.

కళాశాల సంఘమువారికి ఒక మనవి: ఇట్లు సరిచేయించిన రెండు ఫిడేళ్లు కొని, గ్రంథాలయ పుస్తకముల వలె విద్యార్థులకు ఒక్కొక్క సంవత్సరము ఎరువిచ్చు ఏర్పాటు చేయగలరా?