బల్ల మీది స్టీరియోకు హైబ్రిడ్ యాంప్లిఫయర్ ఎంపిక

చిన్న హైబ్రిడ్ యాంప్లిఫయర్‌లో వాక్యూమ్ ట్యూబు సాధారణంగా తొలి దశలోనే ఉంటుంది. స్పీకర్‌ను నడిపే శక్తిని ఇచ్చేవి ట్రాన్సిస్టర్లు లేదా ఐసీ. కాబట్టి ట్యూబును చూసి వాట్లను అంచనా వేయకండి.

మరి ట్యూబు చేసేదేమిటి? ట్రయోడ్ దశలో విరూపణ ప్రధానంగా రెండవ అనుస్వరం రూపంలో ఉంటుంది. 240 హెర్ట్జ్ స్వరానికి 480 హెర్ట్జ్ కొద్దిగా తోడవుతుంది. మధ్యస్థాయి షడ్జమానికి తారస్థాయి షడ్జమం సన్నగా కలిసినట్లన్న మాట. చెవికి ఇంపుగానే ఉండవచ్చు, కాని పాడినవారు పాడనిది అది.

ఇక శక్తి సంగతి. స్పీకర్ సున్నితత్వం 86 డెసిబెల్స్ అంటే, 1 వాట్‌కు 1 మీటరు దూరంలో అంత ధ్వని వస్తుందని అర్థం. 10 వాట్లకు 96 డెసిబెల్స్ వస్తాయి. 20 వాట్లు ఇచ్చినా అదనంగా వచ్చేది 3 డెసిబెల్స్ మాత్రమే. బల్ల ముందు మీరు కూర్చునేది మీటరు లోపే కనుక ఒక్కో స్పీకర్‌కు 15, 20 వాట్లు ధారాళంగా సరిపోతాయి.

పెట్టె మీద 100 వాట్లని రాసి ఉంటే ముందు అడాప్టరును చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే అది ఇవ్వగలిగేదే 24 వాట్లు. అంతకు మించిన శక్తి స్పీకర్లకు నిరంతరంగా ఎక్కడి నుంచి వస్తుంది?

నారింజ వెలుగును కూడా నమ్మకండి. నేను ముచ్చటపడి కొన్నదానిలో ట్యూబు ఊడదీసి స్విచ్ వేసినా ఆ వెలుగు అలాగే ఉంది. సాకెట్ కింద ఎల్‌ఈడీ పెట్టారు!

అభ్యాసం: సున్నితత్వం 84 డెసిబెల్స్ గల స్పీకర్ నుంచి 1 మీటరు దూరంలో 94 డెసిబెల్స్ రావాలంటే ఎన్ని వాట్లు కావాలి?